పెద్దాడి ఇంజను, చిన్నాడి చాసిస్

తండ్రి పోయాక ఆస్తి పంచుకోవడంలో ఆ అన్నదమ్ములకు పేచీ రాలేదు. వస్తుందేమోనని చుట్టుపక్కలవాళ్ళు పనులు మానుకుని మరీ ఎదురుచూశారు గానీ, వాళ్ళ ఆశ తీరలేదు. ఇల్లు, దాని వెనక ఖాళీ స్థలం, బీరువాలు, గోడ గడియారం, ఆఖరికి గొడుగులు కూడా సాఫీగా తెగిపోయాయి. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి. తనకి ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి వాటాలు వేసేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేస్తాడు. పెద్దమనిషిగా వచ్చిన మేనమామకి కుర్చీలో కూర్చుని తల ఊపడం తప్ప వేరే పని లేకపోయింది.

అంతా అయ్యాక మోటారుసైకిలు మిగిలింది.

తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని ఆ బండి మీదే ఇల్లిల్లూ తిరిగేవాడు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఆ రకం బండ్లు గుప్పెడు మాత్రం చేసి, ఒక్కో దాని మీదా అవసరానికి మించిన శ్రద్ధ పెట్టి, దివాలా తీసింది. అందువల్ల అవి లోకంలో అరుదు. ఆ సంగతి తండ్రికి తెలియదు. చవగ్గా వస్తోందని కొన్నాడు, చెడిపోవడం లేదని ఉంచుకున్నాడు.

దాన్ని "నువ్వే ఉంచుకో" అని అన్నా అనలేదు, తమ్ముడూ అనలేదు. మేనమామకి భోజనం వేళ దాటిపోతోంది. "అయితే దాన్ని కూడా చెరి సగం చేసుకోండ్రా, నా ప్రాణం తియ్యకండి" అన్నాడు. ఈ మాట వేరే ఇంట్లో అని ఉంటే నవ్వి ఊరుకునేవారు. కానీ ఇక్కడ పెద్దవాడిది లేతు మిషను షాపు. చిన్నవాడు బండ్లకి సీట్లు కుడతాడు. చిన్నప్పుడు ఆ బండిని విప్పి బిగించడమే వాళ్ళ ఆట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందులో కుదరనిది ఏముందనిపించింది. మేనమామ భోంచేసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి బండి నేల మీద రెండు వాటాలుగా ఉంది. ఒకటి ఇంజను, గేర్‌బాక్సుతో సహా. రెండోది చాసిస్, చక్రాలూ ట్యాంకూ సీటుతో సహా. చిన్నవాడు చాసిస్ ఎంచుకున్నాడు.

అప్పటికీ గొడవ లేదు. గొడవ మీటరు దగ్గర వచ్చింది. ఎంత వేగంతో పోతున్నామో, మొత్తం ఎంత దూరం తిరిగామో చూపించే ఆ గుండ్రటి మీటరు ఒక్కటీ రెండు వాటాల మధ్య మిగిలిపోయింది.

"దాన్ని తిప్పేది గేర్‌బాక్సు. కాబట్టి అది ఇంజనుది" అన్నాడు అన్న.

"అది కూర్చునేది హ్యాండిల్ మీద. కాబట్టి చాసిస్‌ది" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. అదే వచ్చిన చిక్కు. ఒకరిది అబద్ధమైతే ఏడాది తిరిగేసరికి తేలిపోయేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాణ్ణి ఎలాగోలా దారికి తేవచ్చు. ఇక్కడ ఇద్దరి చేతుల్లోనూ చెరో కుందేలు, రెండిటికీ నాలుగేసి కాళ్ళు. మాటా మాటా పెరిగింది. "సీట్లు కుట్టుకునేవాడికి స్పీడుతో పనేంట్రా" అన్నాడు అన్న. "లేతు ముందు నించున్నచోటే నించునేవాడికి దూరంతో పనేంటి" అన్నాడు తమ్ముడు. అన్న మీటరు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడితో అదే ఆఖరి మాట. దానికి ఇరవై ఏళ్ళు దాటింది.

ఎవరి సగాన్ని వాళ్ళు పూర్తి చేసుకున్నారు. అన్న ఎక్కడో ఒక పరాయి చాసిస్ సంపాదించి, తండ్రి ఇంజను అందులో కూర్చునేలా ఇనుప ప్లేట్లు కోసి బిగించాడు. తమ్ముడు ఒక పరాయి ఇంజను తెచ్చి, తండ్రి చాసిస్‌కి సరిపడా ప్లేట్లు కోయించాడు. ఆ చుట్టుపక్కల అన్నని మించిన లేతు పనివాడు లేడు. అయినా ఇంకో షాపుకి వెళ్ళి కోయించాడు. ఆ సంగతి అన్నకి ఆ సాయంత్రమే తెలిసింది. నిప్పులో నెయ్యి అలా పడింది.

అప్పటినుంచీ ఆ బండ్లు రెండూ అవే వీధుల్లో తిరిగాయి. ఒకదాని శబ్దం తండ్రిది, ఆకారం వేరు. ఇంకోదాని ఆకారం తండ్రిది, శబ్దం వేరు. ఎదురుపడినప్పుడు నడిపేవాళ్ళు ఇద్దరూ దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోయేవారు.

నిజం చెప్పాలంటే తమ్ముడికి మీటరు మీద ఆశ ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడు ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే ఎక్కడ పెట్టాలో కూడా తోచదు. ఆయనకి ఉన్న కోరిక ఒక్కటే: అన్నయ్య తనతో మాట్లాడాలి. మంచి మాటే అక్కర్లేదు. ఏదో ఒకటి. యాభై దాటి అరవైకి దగ్గరపడుతున్నవాడు, మనవడు పుట్టినవాడు, రోజూ సీటు మీద రెగ్జిన్ లాగి మేకులు కొడుతూ ఇదే ఆలోచించేవాడు.

"మీరే ముందు పలకరించొచ్చుగా?" అని భార్య అడిగింది.

"పలకరించాను. రెండు పెళ్ళిళ్ళలో."

"ఏమన్నారు?"

"దగ్గారు."

వదిన మాత్రం ఈ తగువులో చేరలేదు. ఆవిడ స్కూటరు సీటు చిరిగితే మరిది దగ్గరికే వచ్చేది, కుట్టించుకునేది, నాలుగు మాటలు చెప్పి పోయేది. ఆ రోజు కూడా అలాగే వచ్చి, స్పాంజి మూటల మీద కూర్చుని, "మీ అన్నయ్య బండి అమ్మకానికి పెట్టారు చిన్నబ్బాయ్" అంది.

తమ్ముడి చేతిలో పెద్ద సూది ఆగింది. "ఏ బండి?"

"మాకేమన్నా పది బండ్లున్నాయా? మోకాలు కిక్కు కొట్టనివ్వట్లేదు. పొద్దున్నే దాన్ని ఆయన తన్నడం, తర్వాత ఆ కాలికి నేను కాపడం పెట్టడం. ఇంక నావల్ల కాదన్నాను. నంబర్ల మేడం షాపులో పెట్టొచ్చారు."

నంబర్ల మేడం పాత బండ్లు అమ్ముతుంది. పాత బండ్లంటే పనికిరానివి కాదు, ఎక్కడా దొరకనివి. ఆవిడ షాపు ఒకప్పుడు పరుపుల గోడౌను. ఇప్పుడు అందులో వరసగా మోటారుసైకిళ్ళు, ఒక్కో దాని మీద తెల్ల దుప్పటి, హ్యాండిల్‌కి కట్టిన అట్టముక్క. లోపలికి వెళ్తే ఆస్పత్రి వార్డులోకి వెళ్ళినట్టు గొంతు దానంతట అదే తగ్గిపోతుంది. గోడ మీద ఒక బోర్డు: "తాకవద్దు. తాకాలనిపిస్తే కొనండి." ఎంత అందమైన బండి తెచ్చినా ఆవిడ దాని మొహం చూడదు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, టార్చి వేసి, భూతద్దంలోంచి ఇనుము మీద కొట్టిన నంబరు చూస్తుంది. నంబరు బాగుంటేనే లేచి నమస్కారం పెడుతుంది. ఆ నమస్కారం బండికో మనిషికో ఎవరికీ తెలియదు.

తమ్ముడు ఆ సాయంత్రమే వెళ్ళాడు. వెళ్ళాడే గానీ లోపలికి పోలేదు. గేటు దగ్గర తన బండిని పట్టుకుని నించున్నాడు.

మేడం బయటికి వచ్చింది. "కొనడానికా, అమ్మడానికా?"

"చూడ్డానికండీ."

"చూడ్డానికి వచ్చినవాళ్ళు బండి బయట పెట్టి లోపలికొస్తారు. మీరేంటి, బండి దగ్గర కాపలా కాస్తున్నారు?" అంటూ ఆవిడ అలవాటు కొద్దీ వంగింది. గుడ్డ తీసింది, టార్చి వేసింది. చాలాసేపు లేవలేదు. తర్వాత లేచి ఏమీ అనకుండా లోపలికి పోయి, అన్న బండి మీది దుప్పటి తీసి ఇంజను దగ్గర వంగింది. మళ్ళీ బయటికొచ్చి చాసిస్ చూసింది. మళ్ళీ లోపలికి పోయి, ఈసారి కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగింది.

"ఆ బండి పెట్టినాయనా మీరూ ఏమవుతారు?"

"ఏమీ కామండీ. అన్నదమ్ములం."

మేడం విషయం చెప్పింది. ఆ కంపెనీలో ఇంజను మీదా చాసిస్ మీదా ఒకే నంబరు కొట్టేవారు. ఆ జత విడిపోకుండా ఉంటేనే బండికి విలువ. అన్న దగ్గర ఉన్నది ఒక మంచి ఇంజను, అంతే. తమ్ముడి దగ్గర ఉన్నది ఒక మంచి చాసిస్, అంతే. రెండూ కలిస్తే మాత్రం కొనేవాళ్ళు వచ్చి ఆవిడ గుమ్మంలో పడుకుంటారు.

"ఇంతకీ విడగొట్టిన దుర్మార్గుడెవరు?"

"మేమేనండీ."

"ఎందుకు?"

"ఇద్దరికీ సమానంగా రావాలని."

మేడం కళ్ళజోడు తీసింది. "ఈ వ్యాపారంలో తుప్పు పట్టిన బండ్లు చూశాను. వరదలో మునిగినవి చూశాను. దొంగ నంబర్లు కొట్టినవి చూశాను. న్యాయం వల్ల పాడైన బండిని చూడ్డం ఇదే."

తమ్ముడు ఆ మాట పట్టించుకోలేదు. ఆయన బుర్ర వేరే లెక్క కడుతోంది. ఇంజను ఇక్కడే ఉంది. చాసిస్ ఇక్కడికి వస్తుంది. రెండూ కలపాలంటే అన్నయ్య రావాలి. తన ఇంజను మీద ఇంకొకరి పానా పడనిచ్చే మనిషి కాదు ఆయన.

"నేను సిద్ధం. అన్నయ్యని పిలవండి" అన్నాడు.

"ధర అడగరేం?"

"ఎన్ని రోజుల పనండీ?"

"చెయ్యి తిరిగినవాళ్ళైతే రెండు రోజులు."

"అంతేనా?" అన్నాడు తమ్ముడు. మొహం వేలాడిపోయింది.

అన్న ఫోనులో ఒప్పుకున్నాడు. షరతులు పెట్టాడు. ఇంజనుని తను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఆ షరతు విని తమ్ముడు కూడా ఊరుకుంటే బాగుండదని, చాసిస్‌ని తను తప్ప ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఈ ప్రకారం బండి ఎలా తయారవుతుందో ఇద్దరూ ఆలోచించలేదు.

షాపు వెనక షెడ్డు. అన్న నీలం కోటు వేసుకుని, సొంత పానాల పెట్టెతో వచ్చాడు. మేడంకి నమస్కారం పెట్టాడు. దుప్పట్ల కింది బండ్లని చూశాడు, పైకప్పు రేకులని చూశాడు, మూలనున్న చీపురుని కూడా చూశాడు. తమ్ముణ్ణి తప్ప షెడ్డులో ఉన్న సమస్తాన్నీ పలకరింపుగా చూశాడు. ఆయన కుంటుతున్నాడు. వదిన చెప్పినప్పుడు మోకాలి నొప్పంటే ఇంత అనుకోలేదు తమ్ముడు.

"మేడం, ఆ వెలుతురుకి అడ్డంగా ఉన్నాయన్ని కొంచెం జరగమనండి" అన్నాడు అన్న.

"జరగమంటున్నారు" అంది మేడం.

తమ్ముడు జరిగాడు. "మేడం, ఇంజను వెనక బోల్టు ఎడం పక్కనుంచి వస్తుందేమో అడగండి."

"ఎడం పక్కనుంచా అంటున్నారు."

"ఆ మాత్రం తెలియకపోతే ఇన్నేళ్ళూ ఆ చాసిస్ పెట్టుకుని ఏం చేశారో అడగండి మేడం."

తమ్ముడికి ఆ వెటకారమే పంచదారలా అనిపించింది. కానీ అది తన చేతికి రాలేదు, మేడం చేతిమీదుగా వచ్చింది. ఇలా కాసేపు సాగాక మేడం లేచింది. "నేను బండ్లు అమ్ముతాను. ఉత్తరాలు పంచను" అని భోజనానికి వెళ్ళిపోయింది.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. మధ్యలో గొలుసుకి వేలాడుతూ ఇంజను. దాన్ని చాసిస్‌లోకి దించడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు గొలుసు వదులుతుంటే ఇంకొకడు పట్టి తిప్పాలి. ఎత్తమనాలి, దించమనాలి, ఆగమనాలి. తమ్ముడి మనసు ఉరకలేసింది. ఇప్పుడు మాట్లాడక ఛస్తాడా అనుకున్నాడు.

అన్న గొలుసు పట్టుకున్నాడు. తమ్ముడు ఇంజను పట్టుకున్నాడు. గొలుసు కొంచెం దిగింది. ఇంజను ట్యాంకు కింది గొట్టానికి తగలబోతుంటే తమ్ముడు మొన తిప్పాడు, తిప్పేలోపే గొలుసు ఆగింది. తిప్పాక మళ్ళీ దిగింది. వెనక భాగం ముందు కూర్చోవాలి, ముందు భాగం తర్వాత. తండ్రి నేర్పిన వరస అది. తమ్ముడు చెయ్యి చాపితే అందులో బోల్టు పడింది. అన్న మోకాలు వంచలేక తడబడితే తమ్ముడు కింద కూర్చుని నట్టు పట్టాడు. ఎక్కడా గీత పడలేదు, ఎక్కడా ఆగలేదు. మేడం తిరిగొచ్చేసరికి తండ్రి ఇంజను తండ్రి చాసిస్‌లో తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

పని అంత బాగా కుదిరినందుకు తమ్ముడికి ఏడుపొచ్చింది. చేతులకి పని తెలియకపోయినా బాగుండేది, నోళ్ళకి పనిపడేది.

మర్నాడు ఆయన వంకలు వెతకడం మొదలుపెట్టాడు. వెనక రిమ్ము వంకరగా ఉందన్నాడు. ఊచలు సరిచెయ్యడానికి వారం పడుతుందన్నాడు. మేడం చక్రం తిప్పి చూసింది. "రిమ్ము తిన్నగానే ఉంది. వంకరగా ఉన్నది మీరు" అంది. సీటు మళ్ళీ కుట్టాలన్నాడు. పాత కుట్టే ఖరీదు, దాని మీద సూది పెడితే చెయ్యి విరగ్గొడతానంది. తమ్ముడు ఇంకేమీ దొరక్క అద్దం తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"మీటరేది?" అంది మేడం.

అన్న కోటు జేబులోంచి ఒక గుడ్డ మూట తీసి విప్పాడు. మీటరు. అద్దం మీద ఒక్క మచ్చ లేదు, అంచు ఇత్తడి మెరుస్తోంది. పెట్టెలో పడేసి ఉంచిన వస్తువు అలా ఉండదు. ఎవరో దాన్ని ఎప్పటికప్పుడు తీసి తుడుస్తున్నారు. తమ్ముడు అది గమనించాడు. గమనించినట్టు కనబడకుండా దగ్గాడు. దగ్గడం ఆ ఇంటి విద్యే కదా.

అన్న మీటరుని హ్యాండిల్ పక్కన బల్ల మీద పెట్టి, తను పోయి కేబులు కొస గేర్‌బాక్సుకి తగిలించాడు. తమ్ముడు మీటరు తీసి హ్యాండిల్ మీద కూర్చోబెట్టి, కేబులు రెండో కొస దానికి బిగించాడు. ఎవరి వాదన ప్రకారం వాళ్ళు బిగించారు. మీటరుకి అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

ఆదివారం పొద్దున కొనేవాడు వచ్చాడు. పళ్ళ డాక్టరు. నంబరు చూడమంటే జేబులోంచి చిన్న అద్దం ఉన్న పుల్ల తీసి, ఇంజను కిందికి పోనిచ్చి, "కొంచెం వెలుతురు ఇటు" అన్నాడు. చాసిస్ నంబరు కూడా అలాగే చూశాడు. చూసి, చాలా ఆరోగ్యంగా ఉందన్నాడు.

"ఎక్కడ నడుపుతారు సార్?" అని అడిగాడు అన్న.

"నడపడమా? అబ్బే. మా క్లినిక్‌లో రోగులు కూర్చునే హాల్లో పెడతాను, చుట్టూ గాజు కట్టించి. పెట్రోలూ ఆయిలూ మొత్తం తీయించేస్తాను. వాసన పడదు కదా వాళ్ళకి."

అన్న చెయ్యి ఇంజను మీద పడింది. తమ్ముడిది సీటు మీద. మేడం ఇద్దరినీ చూసి, "ఇచ్చే ముందు ఒకసారి స్టార్ట్ చేసి చూపించడం మా షాపు పద్ధతి" అంది. ఆ షాపుకి అలాంటి పద్ధతి లేదు.

అన్న తన మోకాలి వైపు చూసుకుని పక్కకి జరిగాడు. తమ్ముడు బండెక్కి కిక్కు కొట్టాడు. మొదటిదానికి ఊరుకుంది. రెండోదానికి ఒకసారి మూలిగింది. మూడోదానికి అందుకుంది. తండ్రి వీధి మలుపు తిరుగుతుంటే ఇంట్లో అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది ఆ శబ్దానికే. ఆకారమూ శబ్దమూ కలిసి ఇరవై ఏళ్ళ తర్వాత ఒకచోట నించున్నాయి. అన్న గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తమ్ముడు బండి మీదినుంచి దిగలేదు.

"బాగుంది. ఇక ఆపేయొచ్చు" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆపేశాడు.

ఇప్పుడు మాట్లాడతాడు అన్నయ్య, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు అనుకున్నాడు తమ్ముడు. అన్న గోడవైపునుంచి తిరిగి, గొంతు సవరించుకుని, "మేడం, చెక్కులు రెండు రాయించండి, సమానంగా" అన్నాడు.

మూడు గంటలకల్లా వ్యాను వచ్చి బండిని తీసుకుపోయింది. ఇన్నేళ్ళ తగువు కూడా దాంతోపాటే తీరిపోయింది. మీటరు ఇంజనుదీ కాదు, చాసిస్‌దీ కాదు. మీటరు పళ్ళ డాక్టరుది. తమ్ముడు చెక్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక అన్నయ్యని ఒక కప్పు కిందికి రప్పించే వంక లోకంలో ఒక్కటీ మిగల్లేదని తెలుస్తూనే ఉంది.

"మరి అవెవరు తీస్తారు?" అంది మేడం.

షెడ్డు మూలన మిగిలిన సగాలు రెండూ పడి ఉన్నాయి. అన్న పరాయి చాసిస్, చక్రాలతో. తమ్ముడి పరాయి ఇంజను, ఒక గోనె మీద.

"నా చాసిస్ నేను తోసుకుంటూ పోతాను మేడం" అన్నాడు అన్న.

"తోసుకుంటూ పోండి. ఆయన ఇంజను నెత్తిన పెట్టుకుని వెనకాలే వస్తారు. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తాను" అంది మేడం. "రెండూ కలిపి బిగించి ఒక్క బండిగా తోలుకుపోండి. సాయంత్రానికి నాకు షెడ్డు ఖాళీగా కావాలి. ఎవరిది ఎవరి వాటాయో మీ ఇంటికెళ్ళి కొట్టుకోండి."

ఒక కంపెనీ చాసిస్‌లో ఇంకో కంపెనీ ఇంజను ఎలా పడుతుందని వాళ్ళకి అనుమానం రావాలి. కానీ పట్టింది. చాసిస్‌కి అన్న వేసిన ప్లేట్లు తండ్రి ఇంజను కొలతకి కోసినవి. ఇంజనుకి తమ్ముడు వేయించిన ప్లేట్లు తండ్రి చాసిస్ కొలతకి కోసినవి. రెండు కొలతలూ ఒకటే. తండ్రిది ఒక్క నట్టు కూడా లేని బండిలో బోల్టులన్నీ తండ్రి లెక్క ప్రకారమే దిగాయి. ఇంకో షాపులో కోయించిన ప్లేటుని అన్న వేలితో తడిమి చూశాడు. అంచు నున్నగా రాలేదు. పెదవి విరిచాడు, మాట మాత్రం విడవలేదు.

బండి తయారైంది. చూడ్డానికి ఎవరి పోలికా లేదు. తమ్ముడు కిక్కు కొట్టి ఎక్కి కూర్చున్నాడు. అన్న నించున్నాడు. బండి స్టార్టయ్యే ఉంది, అన్న నించునే ఉన్నాడు. మేడం షట్టరు సగానికి దించి, "ఇంకేమైనా మర్చిపోయారా?" అంది. కాసేపటికి వెనక సీటు మీద బరువు పడింది.

తమ్ముడు నిండు బిందె తీసుకెళ్తున్నవాడిలా నడిపాడు. వెనక ఉన్నది నొప్పి మోకాలు. గుంత కనబడితే పక్కనుంచి పోనిచ్చాడు, మలుపు వస్తే ముందే తగ్గించాడు. పెట్రోలు బంకు దాటింది, బడి దాటింది. వెనకనుంచి ఉలుకూ పలుకూ లేదు. వంతెన ఎక్కేసరికి సగం దారి అయిపోయింది. ఇంకో సగం దారి అయిపోతే గేటు వస్తుంది. అన్నయ్య దిగుతాడు, దగ్గుతాడు, లోపలికి పోతాడు. అంతే, ఈ జన్మకి. ఆ ఆలోచనలో క్లచ్చు సగమే పట్టి గేరు మార్చాడు. గేరు పళ్ళు కరకరమన్నాయి.

"క్లచ్చు పూర్తిగా పట్టుకుని మార్చరా! నాన్న చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది, నీకు మాత్రం రాలేదు."

తమ్ముడికి బదులు చెబితే ఆ గొంతు ఆగిపోతుందేమోనని భయం వేసింది. బుద్ధిగా క్లచ్చు పూర్తిగా పట్టాడు, మెత్తగా గేరు మార్చాడు, రోడ్డు మధ్యలో తిన్నగా పోనిచ్చాడు. వెనక మళ్ళీ నిశ్శబ్దం. ఒక వీధి గడిచింది. ఇంకో వీధి గడిచింది.

ఎదురుగా రోడ్డు మీద చాటంత గుంత కనిపించింది. తమ్ముడు దాని మధ్యకి గురిచూసి పోనిచ్చాడు.

"కళ్ళు దొబ్బాయా! అంత గుంత కనబళ్ళా? సీట్లు కుట్టేవాడివి, వెనక కూర్చున్నవాడి నడుం సంగతి తెలీదూ? అసలు నీకు బండిచ్చినవాడెవడ్రా!" అంటూ అన్న కింద పడకుండా తమ్ముడి భుజం పట్టుకున్నాడు.

"చూసుకోలేదన్నయ్యా."

"ఎందుకు చూస్తావ్? ఆ ప్లేటు చూశాను, ఎవడి దగ్గర కోయించావో గానీ ఎలకలు కొరికినట్టుంది. నన్నడిగితే కోసిపెట్టనా? ఏం, నోరు లేదా నీకు?"

తమ్ముడి కళ్ళముందు రోడ్డు అలికినట్టయిపోయింది. జేబురుమాలు తీసే వీలు లేదు. అలాగే నడిపాడు. అన్న ప్లేటు సంగతి ముగించి రిమ్ము సంగతికి వచ్చాడు. తిన్నగా ఉన్న రిమ్ముని వంకరన్నవాడి తెలివిని అమ్మ వైపునుంచి వెతకడం మొదలుపెట్టి మేనమామ దాకా వచ్చాడు.

అన్న ఇంటికి కుడివైపు తిరగాలి. అది సిమెంటు రోడ్డు, అద్దంలా ఉంటుంది. తమ్ముడు ఎడమవైపు తిప్పాడు.

"ఇల్లు అటురా! ఎటు పోతున్నావ్?"

"ఇటైతే దగ్గరన్నయ్యా."

అటు దగ్గర కాదు. చుట్టూ తిరిగి ఊరి చివరినుంచి రావాలి. ఆ రోడ్డుని బాగుచేయించి ఎన్నో ఏళ్ళయింది, అడుగుకో గుంత. రోజూ సీట్లు చిరిగిపోయి తన షాపుకి వచ్చే బండ్లన్నీ ఆ రోడ్డు మీదివే కాబట్టి ఆ సంగతి తమ్ముడికి బాగా తెలుసు.